చిన్న ఇల్లు, పాత వస్తువు, మన చేయి

వార్షిక సంచికకు ఏ విషయంపై వ్రాస్తున్నావని అడిగిన ఒక సహాధ్యాయినికి "గృహాలంకరణ" అని సమాధానమిచ్చినప్పుడు ఆమె నవ్వి ఊరుకున్నది. ఆ నవ్వుకు అర్థం నాకు తెలియకపోలేదు. బంజారాహిల్స్ భవంతులలో నివసించేవారికి తగిన విషయమే గాని, రెండు గదుల ఫ్లాటులో ఆరుగురం సర్దుకొనే మన వంటివారికి అలంకరణ ఏమిటని ఆమె భావం. నేను దానితో ఏకీభవించను. విశాలమైన భవనానికి అలంకరణ లేకపోయినా గోడల ఎత్తే శోభనిస్తుంది. ఇరుకైన ఇంటికి ఆ అదృష్టం లేదు. అక్కడ ఒక్క వస్తువు అనవసరంగా చేరినా మనిషి ప్రక్కకు తొలగి నడవవలసి వస్తుంది. కావున ఈ విద్య ఎవరికైనా అవసరమైతే అది మనకే.

రెండు సంవత్సరాల క్రితం మేము పాత బస్తీలోని ఉమ్మడి ఇంటిని విడిచి టోలిచౌకీలో మూడవ అంతస్తు ఫ్లాటుకు వచ్చాము. పెద్దలు వాటాలు పంచుకున్నారు, ఇల్లు అమ్ముడుపోయింది, దానిపై ఇక వ్రాయను. కొత్త ఇంటి హాలు పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. సామాను తరలించిన ఆ వారం రోజులలో మా ఇంటి రాగి దేగ్చీలు, ఇత్తడి ఉగాల్దాన్, కళాయి పోయిన పెద్ద పళ్లేలు ఒక్కొక్కటే తక్కెడలోకి ఎక్కాయి. వస్తువుకు గాక లోహానికి ధర కట్టారు. విచిత్రమేమంటే, మరుసటి నెలలో మా ఇంటివారే ఆ రాగి మొత్తానికి వచ్చిన సొమ్ము కంటె ఎక్కువ వెచ్చించి, పాతదిగా కనబడేందుకు ఆకుపచ్చని చిలుము రంగు పూసిన కొత్త దీపస్తంభాన్ని ఒక దుకాణంలో కొని తెచ్చారు. అది ఇనుము. ఒక వర్షాకాలం గడిచేసరికి అడుగున నిజమైన త్రుప్పు పట్టింది.

ఈనాటి వ్యామోహానికి "వింటేజ్" అని పేరు. ద్రాక్ష కోత జరిగిన సంవత్సరాన్ని బట్టి సారాను గుర్తించే మాట అది, ఇప్పుడు కుర్చీలకు, అద్దాలకు, గోడగడియారాలకు ప్రాకింది. మఖ్మల్ దిండ్లు, బంగారు పూత చట్రాలు, స్ఫటికపు షాండ్లియర్లు దాని లక్షణాలట. పాతకాలపు ఠీవి పట్ల నాకు ద్వేషం లేదు, పైగా మక్కువే. హైదరాబాదులో పుట్టినవారికి అది సహజం. అయితే చౌమహల్లా ప్యాలెస్ ఖిల్వత్ దర్బారులో 19 బెల్జియం షాండ్లియర్లు వెలుగుతున్నాయి గదా అని, మన హాలులో పంఖా ప్రక్కనే ఒకటి వ్రేలాడదీస్తే రెండూ నిత్యం కలహిస్తాయి. పొడవైనవాడు వచ్చి కూర్చుంటే అతని తల మూడవ పక్షమవుతుంది.

ఈ విషయంలో మన సాలార్‌జంగ్ మ్యూజియం చక్కని గురువు. 1951లో ప్రజలకు తెరవబడిన ఆ సంగ్రహంలో వస్తువులకు కొదువ లేదు. అయినప్పటికీ బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కాను, అనగా మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్న ఆ పాలరాతి ప్రతిమను, నలుగురి నడుమ నిలబెట్టలేదు. ఆమె చుట్టూ ఖాళీ ఉన్నది. ఆ ఖాళీయే పాలరాతిని పలుచని వస్త్రంగా భ్రమింపజేస్తుందని నా అనుమానం. ఇక అదే మ్యూజియంలో ఒకే కొయ్యలో ఇరుప్రక్కలా చెక్కిన మెఫిస్టోఫిలీస్, మార్గరెట్టాలను చూడండి. వెనుక ఒక నిలువుటద్దం ఉంచినందున, ఎదుట అతడు నిలువగా అద్దంలో ఆమె కనబడుతుంది. ఇరుకు చోటున అద్దం చేయగల పని అదే, అది లేనిదాన్ని సృష్టించదు, దాగినదాన్ని చూపుతుంది.

ఈ పాఠం మాకు ఆలస్యంగా బోధపడింది. విరిగిన టేకు అల్మారీ తలుపును, దానికి బిగించిన నిలువుటద్దాన్ని మాత్రం నేను పట్టుబట్టి తెచ్చాను. మొదట దాన్ని వంటగది ద్వారానికి ఎదురుగా ఆనించాము. ఫలితంగా కడగని గిన్నెలు రెండింతలయ్యాయి. ఇప్పుడు అది కిటికీకి ఎదుటి గోడన ఉన్నది. ఉదయం తొమ్మిది గంటల వరకు హాలులో దీపం వేయనవసరం లేదు. అంచులలో వెనుక పూత తేమకు ఊడి నల్లని మచ్చలు పడ్డాయి. గాజు మార్చమని దుకాణదారు సలహా ఇచ్చాడు. నేను అంగీకరించలేదు. ముఖం చూసుకొనే చోట మచ్చ లేనప్పుడు అంచుల సంగతి ఎందుకు?

మా దాదీమా తఖ్త్ కాళ్లు విప్పి మెట్ల మీదుగా పైకి చేర్చాము. పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. హాలులో ఐదవ వంతు స్థలం అదే మింగుతుందని అందరూ అభ్యంతరం చెప్పారు. కాని దాని క్రింద ఇంటిల్లిపాదికీ పరుపులు, రజాయిలు పట్టాయి, ఒక ఇనుప బీరువా, రెండు కుర్చీలు కొనవలసిన పని తప్పింది. పగలు తెల్లని చాందినీ పరిస్తే దివాన్‌ఖానా, రాత్రి అబ్బాజాన్ పడక. దిండ్లకు మాత్రం నేను సాహసమే చేశాను. తాతగారి హిమ్రూ షేర్వానీ వీపు భాగమంతా పురుగులు కొరికివేయగా, చెడని ముందు పలకలను కత్తిరించి గలీబులు కుట్టాను. దాదీమా చాలాసేపు మాట్లాడలేదు. అటుపిమ్మట ఒక దిండును ఒడిలోకి తీసుకొని, "పోనీలే బేటీ, పెట్టెలో పురుగులు తినేకంటె మనుషులు ఆనుకోవడం నయం" అన్నది.

అయితే ప్రతి సాహసం ఇట్లే ముగియలేదు. స్వహస్తంతో చేసుకోవడాన్ని ఇప్పుడు అందరూ పొగడుతున్నారు గనుక, నా చేయి చేసిన అపరాధాన్ని కూడా చెప్పుట న్యాయం. మా ఇంట ఒక బిద్రీ గుల్దాన్ ఉన్నది. ఇత్తడి పాత్రలు చింతపండుతో తోమి తళతళలాడించిన ఉత్సాహంలో దాన్ని కూడా తోమాను. నీళ్లలో నలుపు కారిపోవడం చూసి మురికి వదులుతున్నదని సంతోషించాను. ఆరిన తరువాత చూస్తే అది సీసపు ముద్దవలె బూడిద రంగులో ఉన్నది, వెండి పూలు ఎక్కడున్నాయో వెదకవలసి వచ్చింది.

బిద్రీ నలుపు మురికి కాదు, రంగు పూత కూడా కాదు. ఎక్కువ పాలు జింకు, కొద్దిపాటి రాగి కలిపి పోతపోసి, పైన చిత్రం చెక్కి, ఆ గాళ్లలో వెండిని దిగగొడతారు. చివరన బీదరు కోటలోని పాత మన్నును నవాసారంతో కలిపి, వేడి చేసిన పాత్రకు పట్టిస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. తరాలుగా నిలిచిన ఆ నలుపును నేను పావుగంటలో కడిగివేశాను. బిద్రీ పని తెలిసిన ఒక వృద్ధ కారిగర్ దాన్ని మళ్లీ నల్లబరచి ఇచ్చాడు. కాని వదులై రాలిన ఒక వెండి ఆకును మాత్రం నేను దాచి ఉంచలేదు. పొడి మెత్తని గుడ్డ, ఎప్పుడైనా ఒక చుక్క కొబ్బరినూనె, అంతకు మించి దీనికి ఏమీ చేయవద్దని ఆయన రెండుసార్లు చెప్పాడు. నన్ను మందలించలేదు, అందువల్ల మరింత సిగ్గుపడ్డాను. ఆ గుల్దాన్ ఇప్పుడు గూటిలో ఒంటరిగా ఉన్నది. ఆకు పోయిన గుంటను గోడవైపు త్రిప్పలేదు.

అందుచేత నా అభిప్రాయం ఇది. సున్నం వేయడం, దిండ్లు కుట్టడం, ఇత్తడి తోమడం, చట్రాలు సరిచేయడం మనం చేసుకోవచ్చు. విద్యుత్ తీగలు, కళాయి, బిద్రీ పని తెలిసినవారికి వదలాలి. వారిని పిలవడం చేతకానితనం కాదు, ఆ పనిపై వారికి జీవనం ఉన్నది. మంచి టేకుపై బంగారు రంగు చిమ్మి "రాజసం" తెచ్చామనుకొనేవారిని మాత్రం నేను క్షమించలేను. పాన్‌దాన్‌లో ప్లాస్టిక్ పూలు పెట్టడం కూడా నాకు రుచించదు. వైద్యుని ఆజ్ఞపై దాదీమా తాంబూలం మానిన తరువాత, ఆ పాన్‌దాన్ గిన్నెలలో సూదులు, గుండీలు, దారపు ఉండలు చేరాయి. ఆమె రోజూ మూత తెరుస్తూనే ఉన్నది.

వారసత్వపు వస్తువులు లేనివారు నిరాశ చెందనక్కరలేదు. పురానాపుల్ సమీపాన గురువారం సాగే జుమ్మెరాత్ బజారుకు ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకొని వెళ్లండి. ఇత్తడి అని చెప్పిన వస్తువుకు అది అంటుకొంటే, లోపల ఇనుమున్నదని అర్థం. నాకు ఈ ఉపాయం తెలిసి ఉంటే ఆ దీపస్తంభం మా ఇంటికి వచ్చేది కాదు.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన వెనుక గదిలో బేతు ఊడిన పాత చెక్క కుర్చీలు పేర్చి ఉన్నాయి. వాటిని తూకానికి ఇచ్చి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించే ఆలోచన ఉన్నట్లు విన్నాము. కనీసం నాలుగింటిని పఠనాలయానికి నిలిపి, సెలవులలో ఒక వారం ఒక బేతు అల్లేవానిని, ఒక వడ్రంగిని పిలిపించండి. ఆ కూలి మొత్తం కొత్త కుర్చీల ఖరీదుకు మించితే నా మాట వెనక్కు తీసుకుంటాను. నేర్చుకోవడానికి మా తరగతి నుండి ఐదుగురం పేర్లిచ్చాము. నా కుర్చీని నేను చూసి పెట్టుకున్నాను కూడా, కిటికీ ప్రక్కన ఎడమ చేయి వదులైనది.