ఉమ్మడి గోడలు, ఉమ్మడి పద్దులు

నస్పూరు, శ్రీరాంపురము ప్రాంతములలో సింగరేణి క్వార్టర్లు విస్తారముగ కలవు. అందు నివసించు కార్మికునకు నీటిగొట్టము పగిలిన బాగుచేయించు భారము కంపెనీది. ఉద్యోగవిరమణానంతరము క్వార్టరు ఖాళీచేసి, చేతికందిన సొమ్ముతో ఫ్లాటు కొన్న మరునాటినుండి ఆ పోషకుడు లేడు. ఆ స్థానమున నిలువవలసినవారు తానును, తన పొరుగువారును. ఈ సంగతి వారికి చెప్పినవారెవరు?

కొన్నది నాలుగు గోడలే యని పెక్కురు తలంచుచున్నారు. భూమిలో అవిభక్తమైన వాటాయు వారిదే. మెట్లు, లిఫ్టు, మిద్దె, బోరు అందరి సొత్తు. 1987 నాటి అపార్టుమెంటుల చట్టము ఉద్దేశించినదియు నిదియే. మిద్దె కారినచో పైయంతస్తువాడే బాగుచేయించుకొనవలెనని క్రిందివారనుట వినుచున్నాము. పునాదిలో వాటా కోరువాడు మిద్దె ఖర్చులో వాటా కాదనుట ఏమి న్యాయము?

2016 నాటి రెరా చట్టము, చిన్న కట్టడములను మినహాయించి, కొనుగోలుదారులకు గొప్ప ఆయుధము నిచ్చినది. ఫ్లాట్లలో అధికభాగము బుక్కయిన మూడు నెలలలో సంఘమేర్పడవలెను. పూర్తి ధ్రువపత్రము వచ్చిన 30 దినములలో ప్లానులును, పత్రములును సంఘమునకు అప్పగింపబడవలెను. స్వాధీనమైన 5 సంవత్సరములలోపల కట్టడమున లోపము చూపినచో నిర్మాత తన ఖర్చుతో సరిచేయవలెను. సంఘమే లేనిచో ఈ గడువులను లెక్కించువారెవరు? ఆరవయేట గోడ పగిలిన తరువాత చట్టము తిరుగవేయుట వ్యర్థము.

సంఘము స్థాపించుట కష్టము గాదు. నిజాము కాలపు 1350 ఫసలీ శాసనము పోయి వచ్చిన 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఏడుగురు సభ్యులు చాలుదురు. కష్టమంతయు నడుపుటలోనే. నెలచందా కోశాధికారి సొంత ఖాతాలో పడుచుండును. లిఫ్టు మోటారు కాలిననాడు గాని పెద్ద మరమ్మతులకు వేరు నిధి యుండవలెనను మాట తోచదు. లెక్కలడిగినచో అధ్యక్షునకు కోపము. ఆయన సజ్జనుడే కావచ్చును. సజ్జనుని లెక్కలును ఏటేట తనిఖీ చేయవలసినవే. అయినను తప్పంతయు కార్యవర్గముపై మోపుట ధర్మము గాదు. మరియెవరును ముందునకు రానందుననే కదా ఒక్కరే ఏండ్లకొలది ఆ భారమును మోయుచున్నారు!

1998 నుండి రహస్య బ్యాలెట్టుతో తమ గుర్తింపు కార్మికసంఘమును ఎన్నుకొనుచున్నవారు ఈ గనుల ప్రజలు. 2023 డిసెంబరులోను ఎన్నుకొనిరి. కోరము, తీర్మానము, ఓటు అనునవి వారికి క్రొత్తవి గావు. అట్టివారు తమ యింటి సర్వసభ్య సమావేశమునకు మాత్రము రాకుండుట విడ్డూరము.

సంఘ నియమావళులు తరచుగ ఆంగ్లమున నుండుట మరియొక చిక్కు. సంతకము చేసినవారు చదువరు, చదివినవారికి బోధపడదు. వానిని తెలుగు చేయించి, నెలకొక సాయంకాలము గ్రంథాలయమున చదివి వినిపింపవలెను. పద్దులు వ్రాయు పద్ధతిని విశ్రాంత గుమాస్తాలు నేర్పగలరు; చట్టమును స్థానిక న్యాయవాదులు చెప్పగలరు. నస్పూరు 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో చేరినది. ఆ సంస్థవారు ఒక గదియు, నాలుగు బల్లలును ఇచ్చినచో మొదటి పాఠము వచ్చే నెలలోనే జరుగవచ్చును.