ఆ ఒక్క రంగు ఎవరిది?

సెలవులయిపోయాయి. ఊళ్ళు తిరిగి రావడమూ అయింది. మాసిన బట్టలు ఉతుక్కుని, సూట్‌కేసులు అటకెక్కించాక ఇంటింటా మిగిలే పని ఒకటుంది. ఫోను నిండా పేరుకుపోయిన ఫోటోలు చూసుకోవడం! గుళ్ళూ గోపురాలూ, కొండలూ జలపాతాలూ సరే. వాటి మధ్యలో దారిలో కనిపించిన మనుషులూ ఉంటారు. పూలమ్మే అవ్వ, పడవ నడిపే తాత, సంతలో బుట్ట ముందేసుకుని కూర్చున్న పిల్లతల్లి.

ఇక్కడే మన పిల్లలు రంగప్రవేశం చేస్తారు. "ఇలా ఇవ్వమ్మా" అని ఫోను లాక్కుని, నిమిషంలో ఫోటో మొత్తం బ్లాక్ అండ్ వైట్ చేసేసి, ఒక్క చీరకో, ఒక్క గొడుగుకో మాత్రం రంగు అట్టే పెట్టేస్తారు. దీన్ని సెలెక్టివ్ కలర్ అంటారట. చూడగానే "అబ్బ, ఎంత బావుందో" అనిపిస్తుంది. పది ఫోటోలు అలాగే చేస్తే మాత్రం మొహం మొత్తుతుంది. ఎందుకలా? ఏ ఫోటోకి ఈ అలంకారం నప్పుతుంది, దేనికి నప్పదు? ఈ వారం ఆ కబుర్లు చెప్పుకుందాం.

ముందో మాట. ఇది కొత్త విద్యేమీ కాదండీ. మన పాత స్టూడియోల్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో కడిగాక, సన్నటి కుంచెతో చీరకూ, బుగ్గలకూ, నగలకూ రంగు అద్దేవారు. మా అమ్మమ్మ పెళ్ళి ఫోటో అలాంటిదే. తాతయ్య నలుపు తెలుపుల్లోనే ఉంటారు. అమ్మమ్మ చీర మాత్రం ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. ఆవిడ ఆ ఫోటో చూసినప్పుడల్లా ఒకటే మాట అనేది. "నా పెళ్ళి చీర మామిడిపండు రంగే! ఆ స్టూడియో ఆయన నన్ను అడగందే ఎరుపు వేసేశాడు." డెబ్భై ఏళ్ళు దాటినా ఆ మాట ఆవిడ మనసులోంచి పోలేదు. మనకు నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆలోచించి చూడండి. తన ఒంటి మీద రంగేదో తనను అడగకుండా ఇంకెవరో తేల్చేశారు. ఈనాటి ఫోటోల్లో కూడా అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అన్నట్టు, 1957 నాటి 'మాయాబజార్' సినిమాకు రంగులద్ది 2010లో మళ్ళీ విడుదల చేశారు, గుర్తుందా? అది మొత్తానికి మొత్తం రంగు. మనం చెప్పుకునేది అది కాదు. అంతా నలుపు తెలుపు ఉంచి, ఒక్కచోట రంగు మిగల్చడం.

అలా మిగిల్చితే ఏమవుతుంది? మన చూపు సూటిగా అక్కడికే పోతుంది. తెల్లటి గోడ మీద పసుపు మరక పడితే ఇంకేమైనా కనిపిస్తుందా? అలాగే ఇదీను. ఆ చూపు ఎక్కడికి పోవాలో తెలిసి చేస్తే అది గొప్ప బలం. స్పీల్‌బర్గ్ 1993లో తీసిన 'షిండ్లర్స్ లిస్ట్' సినిమా చూడండి. దాదాపు అంతా బ్లాక్ అండ్ వైట్. 1943లో పోలండులోని క్రాకో నగరంలో నాజీలు యూదుల వాడను ఖాళీ చేయించే ఘట్టం వస్తుంది. అరుపులు, తుపాకులు, పరుగెత్తే జనం. వాళ్ళ మధ్యలో ఒక చిన్నపిల్ల ఒంటరిగా నడిచిపోతూ ఉంటుంది. ఆ పిల్ల కోటు ఒక్కటే ఎరుపు. అంతమందిలో మన కళ్ళు ఆ పిల్లనే వెతుక్కుంటాయి. తరవాత ఎప్పుడో శవాల బండి మీద మళ్ళీ ఆ ఎర్రకోటు కనిపించేసరికి గుండె ఆగినంత పనవుతుంది. గుంపులో గుంపుగా పోవలసిన పిల్లను ఆ ఒక్క రంగు మన ఇంటిపిల్లను చేసేసింది. రంగు చేయవలసిన పని అది. మనిషిని మనకు దగ్గర చెయ్యాలి.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. రైల్వే స్టేషన్లో ఎర్రచొక్కా కూలీ ఫోటో తీశారనుకోండి. చొక్కా ఒక్కటే ఎరుపు ఉంచి, మిగతాదంతా బూడిదరంగు చేశారు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ చూసినవాళ్ళు ఏమంటారు? "కూలీ" అంటారు. అతని కళ్ళ కింద అలసట, పెదవి చివర నవ్వు, నెరిసిన మీసం ఎవరికీ పట్టవు. చొక్కా మనిషిని మింగేసింది! అదే ఫోటో పూర్తిగా నలుపు తెలుపు చేసి చూడండి, ముఖం ముందుకొస్తుంది.

అందుకే రంగు ఉంచేముందు రెండు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, రంగు అవసరమా అని. నలుపు తెలుపుల్లో కొన్ని రంగులు కలిసిపోతాయి. చిలకపచ్చ చీరకు ఎర్రంచు ఉందనుకోండి. రెండూ ఒకే ముదురైతే ఫోటోలో రెండూ ఒకటే బూడిదరంగవుతాయి, అంచు మాయమైపోతుంది. నేసినామె మగ్గం ముందు కూర్చున్న ఫోటోలో ఆ అంచే కథ అయితే, అక్కడ రంగు ఉంచడం న్యాయం. అదే లంబాడీ స్త్రీల ఫోటో తీసుకోండి. చేతి నిండా తెల్లటి గాజులు, రవికెకు తళుకుమనే అద్దాలు. నలుపు తెలుపుల్లోనే అవి మెరిసిపోతాయి. అక్కడ రంగు పూస్తే పాయసంలో ఉప్పు వేసినట్టే.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ రంగు ఎవరిది? ఆ మనిషి కోరి వేసుకున్నదా, లేక మన కంటికి ఇంపుగా ఉందని మనం ఏరుకున్నదా?

ఆ మధ్య మేము అరకు వెళ్ళినప్పుడు సంతలో పసుపు అమ్ముతున్న ఒకావిడ ఫోటో తీసుకున్నాం, అడిగే లెండి. నలభై ఏళ్ళుంటాయేమో, నా ఈడే. ముందు పసుపు కుప్ప, వెనక నీలిరంగు కొండలు. మా అమ్మాయి అక్కడికక్కడే నలుపు తెలుపు చేసేసి, పసుపు కుప్పకు మాత్రం రంగు ఉంచి చూపించింది. నిజం చెప్పొద్దూ, భలేగా ఉంది. ఆవిడ మాత్రం చాలాసేపు చూసి, మెడలోని నీలం పూసల దండ మీద వేలు పెట్టింది. "పసుపు మాపటికి అమ్ముడైపోద్ది గదమ్మా. ఈ పూసలు నావి" అంది. మా అమ్మాయి మళ్ళీ చేసింది. పసుపు బూడిదరంగులోకి పోయింది, మెడలో పూసలు నీలంగా వెలిగాయి. చూస్తే ఏముంది? అంతకుముందు ఫోటోలో సంత కనిపించింది, ఇప్పుడు ఆవిడ కనిపించింది! పూసలు మెడలోనే ఉన్నాయి గనక చూపు అక్కణ్ణుంచి చక్కగా ముఖం మీదికి పోయింది కూడాను. నాకు పెద్ద పుస్తకం చదివినట్టయింది.

ఇంకో జాగ్రత్త. లేని రంగు ఎప్పుడూ పెట్టకండి. ఇప్పటి యాపులతో తెల్లచీరను గులాబీరంగు చేయడం, నుదుట బొట్టు పెట్టడం చిటికెలో పని. కాశీ గట్టు మీద తెల్లచీర కట్టుకుని జపం చేసుకుంటున్న పెద్దావిడకు "బోసిగా ఉంది" అని ఎర్రబొట్టు పెట్టేస్తే అది అందం కాదు, ఆవిడ జీవితం మీద మనం చేసిన దిద్దుబాటు. రాజస్థాన్‌లో మగవాళ్ళ తలపాగా రంగులకు ఎన్నో అర్థాలున్నాయి. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు రంగుల పాగా మాని తెల్లది చుట్టుకునేవారున్నారు. దాన్ని మనం నారింజ రంగు చేసి గోడకు తగిలించుకుంటే ఎంత తప్పు! ఉన్న రంగును ఉంచవచ్చు, తీసెయ్యవచ్చు. మార్చే హక్కు మాత్రం మనకు లేదు.

సరే, ఇక చేసే పద్ధతి. వంటలాగే దీనికీ కొలతలున్నాయి.

1. ఫోటో ఎప్పుడూ రంగుల్లోనే తీయండి. బ్లాక్ అండ్ వైట్‌లో తీసి దాచినదానికి అసలు రంగు తిరిగి తేవడం అయ్యే పని కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ళ కింద గుంటలు పడతాయి. నీడపట్టున, గుమ్మం దగ్గర, లేదా పొద్దున్నే, సాయంత్రం తీస్తే ముఖం మెత్తగా వస్తుంది.

2. మార్పులు చేసేముందు అసలు ఫోటోకి ఒక నకలు దాచండి. పచ్చడి కలిపేముందు కాసిన్ని ముక్కలు తీసి పెట్టుకున్నట్టు!

3. యాపుల్లో రెండు దారులుంటాయి. ఒకటి, "ఎరుపు ఉంచు, మిగతావి తీసెయ్యి" అని చెప్పడం. ఇది సులువు గానీ, మన చర్మంలోనూ ఎరుపు, పసుపు ఛాయలుంటాయి కాబట్టి పెదవులూ, బుగ్గలూ మచ్చలు మచ్చలుగా రంగు మిగిలిపోతాయి. వెనకాల నడిచేవాడి ఎర్రసంచీ కూడా అలాగే ఉండిపోతుంది. రెండోది, మొత్తం నలుపు తెలుపు చేసి, కావలసినచోట వేలితో రుద్ది రంగు తిరిగి తెచ్చుకోవడం. ఓపిక కావాలి గానీ మనుషుల ఫోటోలకు ఇదే మంచిది.

4. రుద్దేటప్పుడు ఫోటో బాగా పెద్దది చేసుకోండి. అంచులు దాటితే ముగ్గు గీత తప్పినట్టు వెంటనే తెలిసిపోతుంది. ఒక చేతి గాజులకు రంగు ఉంచితే రెండో చేతివి మర్చిపోకండి. అద్దంలోనో, నీళ్ళలోనో వాటి నీడ పడితే దానికీ రంగు ఉండాలి.

5. బూడిదరంగు పక్కన ఏ రంగైనా ఉన్నదానికంటే గాఢంగా కనిపిస్తుంది. కాబట్టి రంగును కొంచెం తగ్గించండి. కూరలో కారం చూసి వేసినట్టే.

6. ఒక ఫోటోలో ఒకే రంగు, అదీ ఒకేచోట. కళ్ళకు మాత్రం రంగు ఉంచి ముఖమంతా బూడిద చేసే సరదా కొందరికుంది. మనిషి బొమ్మలా అయిపోతాడు, వద్దు.

7. ఫ్రేము కట్టించాలనుకుంటే ముందు 4×6 సైజులో ఒక్క కాపీ వేయించి చూసుకోండి. కలర్ కాగితం మీద నలుపు తెలుపు భాగం ఒక్కోసారి పచ్చగానో, ఎర్రగానో తిరుగుతుంది. అది సరిచేయించాకే పెద్దది వేయించండి. డబ్బు దండగ కాదు.

చివరగా ఒక పరీక్ష. తయారైన ఫోటోలో రంగున్న చోటును వేలితో మూసేసి చూడండి. మిగిలిన ముఖం ఇంకా మిమ్మల్ని పట్టి నిలబెడుతోందా? అయితే ఫోటో మంచిది, రంగు దానికి మెరుగు. వేలు పెట్టగానే ఏమీ మిగల్లేదా? అప్పుడు రంగు కప్పిపుచ్చుతోందన్నమాట. ఆ ఫోటోను మామూలుగా రంగుల్లోనే ఉంచెయ్యండి. అదేం చిన్నతనం కాదు.

ఇవన్నీ ఒకెత్తు, అడిగి తీయడం ఒకెత్తు. ఫోటో అంటే ఆడవాళ్ళకు సంకోచం ఎప్పుడూ ఉన్నదే. సికిందరాబాదులో స్టూడియో నడిపిన ప్రఖ్యాత ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ ఆ సంకోచాన్ని ఏనాడో గ్రహించారు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించి, దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. తీసేది ఎవరు, చూసేది ఎవరు అన్న భయం లేకుండా ఆడవాళ్ళు కెమెరా ముందు కూర్చోగలిగారు. ఇప్పుడు కెమెరా అందరి చేతిలోనూ ఉంది. ఆ మర్యాద కూడా ఉండాలి కదా? భాష రాకపోయినా ఫోను చూపించి, తల ఊపితేనే తీయండి. వద్దంటే నవ్వి వచ్చెయ్యండి. తీశాక చూపించండి. వీలైతే వాళ్ళకూ ఒక కాపీ పంపండి. ఊళ్ళో ఏ టీకొట్టు చిరునామాకు పోస్టు చేసినా చేరుతుంది. సంపాదించుకున్నది మనమొక్కరమే కాకూడదు.

ఈసారి ఫోటోలు ముందేసుకున్నప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "ఈవిడలో ఏ రంగు ఈవిడదిరా?" జవాబు కోసం వాళ్ళు ఆ ముఖాన్ని మళ్ళీ ఒకసారి చూస్తారు. అంతవరకూ చూడనంత శ్రద్ధగా చూస్తారు. మనకు కావలసింది అదే కదండీ!

వచ్చే వారం మరో కబురుతో కలుసుకుందాం. అంతవరకు సెలవు.