ఇంగ్లీషోళ్ళ 'పై'... మన అడ్డాకు



మొన్న హాస్టల్లో ఫోన్‌లో ఒక వంట చూశాం. మాంసం, బంగాళాదుంపలు కలిపి, పైన పిండి మూతలా పరిచి ఓవెన్లో కాలుస్తారు. దాన్ని 'పై' అంటారట. అందరం నోరెళ్ళబెట్టాం. అదే మన సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో అడ్డాకులో మాంసం చుట్టి నిప్పుల్లో కాలిస్తే "అడివి తిండి" అంటారు. మనమూ తలొంచుకుంటాం. ఎందుకు?

అసలు బంగాళాదుంప ఎవరిది? వేల ఏళ్ళ కిందట దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లోని ఆదివాసులు సాగులోకి తెచ్చిన పంట. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు యూరప్‌కి పట్టుకెళ్ళారు. ఇంగ్లీషోళ్ళ 'పై' నిండా ఉన్నది కొండ జనం దుంపే!

సెలవులకి ఇంటికెళ్ళి మేమూ చేసీసాం. నాటుకోడి ముక్కలు, దుంపలు ఉప్పూ కారం పసుపుతో మెత్తగా ఉడికించి నీరు ఇగరబెట్టాం. మట్టిచట్టిలో వేసి, వేడినీళ్ళతో కలిపిన చోడిపిండి పైన పరిచాం. మూకుడు మూసి కిందా మీదా నిప్పులు పెట్టాం. ముప్పావుగంట పట్టింది. చోడిపిండికి సాగే గుణం లేదు కదా, మూత పగిలిపోయింది. రుచి మాత్రం అదిరింది. అమ్మమ్మ నవ్వి, "ఆకులో చుట్టీస్తే పోను కదర్రా" అంది.

నిజమే. ఆకులో ఎలా చుట్టాలో మాకెవరికీ రాదు!

పక్కోళ్ళ వంట నేర్చుకోవడం తప్పు కాదు. కానీ మన ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మనమే. మనం అడక్కపోతే అమ్మమ్మ చేతి పని ఆమెతోనే పోతుంది. ఈ సెలవుల్లో తలా ఒక వంట ఇంట్లో చేసి, కొలతలతో సహా ఇక్కడ రాయండి.

జై ఆదివాసీ.