పాండవుల కుక్క

మహాభారతంలో ముఖ్యంగా మూడు కుక్కలు కనిపిస్తాయి. మొదటిది సరమ కొడుకు. జనమేజయుని యాగం దగ్గర ఏ తప్పూ చేయకుండానే అతని తమ్ముళ్ళ చేత దెబ్బలు తిన్నది. చివరిది మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచినది. ఈ రెండింటినీ మనవాళ్ళు తరచు తలుచుకుంటారు. నడిమి కుక్కను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ద్రోణుని అనుమతితో వేటకు వెళ్ళిన పాండవుల వెంట అది అడవికి పోయింది. వాళ్ళ నుండి విడివడి తిరుగుతూ తిరుగుతూ, ఏకలవ్యుడు తన మానాన తాను విలువిద్య అభ్యసించుకుంటున్న చోటికి చేరి, అతని వేషం చూసి మొరిగింది. అతడు దాని నోట ఏడు బాణాలు నాటాడు. అది ఆ నోటితోనే పాండవుల దగ్గరికి తిరిగి వచ్చింది. తర్వాతి కథ అందరికీ తెలుసు. బొటనవేలు ఎందుకు తెగిందని అడిగితే అర్జునుని అసూయ అనీ, ద్రోణుని పక్షపాతం అనీ చెబుతారే గాని, గొడవ మొదలైంది అడవిలో విచ్చలవిడిగా తిరిగిన ఒక పట్నపు కుక్కతో అని ఎవరూ చెప్పరు. మొరిగింది కుక్క. తెగింది అడవివాని వేలు.

ఈ పురాణం ఇప్పుడెందుకంటే, మా అనంతపురం కొండలకు సెలవు రోజుల్లో కుక్కలను వెంటబెట్టుకొని వచ్చే విహారుల ముచ్చట కాస్త తేల్చుకోవలసి ఉన్నది. బెంగుళూరు నుండి 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు మూడు గంటలు ప్రయాణిస్తే పెనుకొండ వస్తుంది. ఇంకాస్త ఓపిక ఉంటే కదిరి వైపు బట్రేపల్లి జలపాతం. (ఈ రెండూ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా గీత మారింది, వాన మారలేదు.) కారు ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, గొలుసు ఊడుతుంది, కుక్క పొదల్లోకి దూకుతుంది. "పాపం, వారమంతా అపార్టుమెంటులో మగ్గింది, కాస్త స్వేచ్ఛగా తిరగనీ" అంటారు. కుక్క మగ్గిన మాట నిజమే కావచ్చు. దాన్ని అపార్టుమెంటులో పెట్టింది మా కొండల్లోని జంతువులు కావు గదా!

ముందు ఈ నేల సంగతి చెప్పాలి. నైరుతి ఋతుపవనానికి పడమటి కనుమలు అడ్డు, ఈశాన్యానికి తూర్పు కనుమలు అడ్డు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అదీ సగటు మాత్రమే. సగటు ఎన్నడూ ఎవరి పొలంలోనూ కురవదు. ఇటువంటి చోట జలపాతమనే మాట కొంచెం పెద్దది. వానలు బాగా పడిన ఏడు కొన్ని వారాలు నీళ్ళు దూకుతాయి. ఆపైన బండ మీద నల్లటి చార, దాని కింద ఒక మడుగు మిగులుతాయి. ఫొటోలో అందంగా పడేది ధార. కొండకు ప్రాణం మడుగు. మేకలు, గొర్రెలు, నెమళ్ళు, కౌజు పిట్టలు, నక్కలు, ఎలుగుబంట్లు అన్నిటికీ ఆ ఒక్క గిన్నెడు నీళ్ళే. ఒకదాని వెంట ఒకటి, వేళలు పంచుకొని తాగుతాయి. ఆ మడుగులో కుక్కను ఈదించి వీడియో తీస్తారు. కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదడమని సామెత ఉన్నది. మాకు గోదావరి లేదు, ఉన్న మడుగును ఇట్లా ఈదుతున్నారు.

తడిస్తే ఏమవుతుందని అడగవచ్చు. పిడుదులు, గోమార్లు పట్టకుండా పెంపుడు కుక్కల మెడ వెనుక పోసే మందుల్లో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ అనేవి ఎక్కువగా వాడతారు. ఇంగ్లండులో 20 నదుల నుండి 2016-18 మధ్య తీసిన నీటి నమూనాలను పరిశీలించి ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2020లో ఫలితాలు ప్రకటించారు. 98 శాతం నమూనాల్లో ఫిప్రోనిల్ ఉన్నది. అక్కడి సేద్యంలో దాని వాడకం నామమాత్రం. పెంపుడు జంతువుల ఒంటి మీది మందే ప్రధాన కారణమై ఉంటుందని వారి అనుమానం. నీటి పురుగులకు అది విషం. అవి పారే నదులు. మా మడుగు పారదు. రోజురోజుకూ ఇంకిపోతుంది, అందులో పడినది చిక్కబడుతుంది.

రెండవ సంగతి వేట. "మా కుక్క ఏమీ చేయదు, ఊరికే ఆడుకుంటుంది" అన్నది ఈ యజమానులందరి పల్లవి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తరుముడుకు దొరకని జింక బతికిపోయిందని మనం అనుకుంటాం. ప్రాణభయంతో చాలాదూరం పరుగెత్తిన జింకకు కండరాలు దెబ్బతిని, గంటలకో రోజులకో చచ్చిపోవడం పశువైద్యులెరిగినదే. అప్పటికి కుక్క బెంగుళూరు చేరి సోఫా మీద పడుకొని ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిర్వచిస్తూ చంపడంతో ఆగలేదు. పట్టడం, తోలడం, కుక్కల చేత తరిమించడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటలోనే చేర్చింది. "నేను ఉసికొల్పలేదు, అదే పోయింది" అని వాదించవచ్చు. ఆ వాదనను మా రైతు చేస్తే ఎవరు వింటారు? వేరుశనగ మొలకలను కృష్ణజింకలు రాత్రికి రాత్రి కొరుక్కుపోతుంటే పొలంలో కాపలా పడుకునేవాడు అతడు. అది రాష్ట్ర జంతువు, చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నది, కనుక అతడు అదిలించి ఊరుకోవాలి. అతని కుక్క ఒక జింకను చంపిందంటే కేసు ఇంటికి వస్తుంది. పంట పోగొట్టుకున్నవానికి లేని వెసులుబాటు, పొద్దుపోక వచ్చినవారికి ఏ న్యాయాన దొరుకుతున్నది?

తోడేలు మాట వేరే చెప్పాలి. దేశం మొత్తం మీద తోడేళ్ళు మూడు వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటాయని ఈ మధ్య అంచనాలు. అంటే దాదాపు పులులన్నే. పులికున్న అభయారణ్యాలు దానికి లేవు. ఇటువంటి బీళ్ళూ గుట్టలే దాని ఇల్లు. దక్కనులో అది పిల్లలు పెట్టేది చలికాలంలో. మన విహారులకు కొండలెక్కే కాలమూ అదే. మనిషి కంటికి కనబడని గుంతను కుక్క ముక్కు పట్టేస్తుంది. ఆపైన జబ్బులు. 2018లో గిర్ అడవిలో కొద్ది వారాల్లో 20కి పైగా సింహాలు చనిపోయాయి, పరీక్షల్లో కుక్కల జబ్బైన డిస్టెంపర్ వైరస్ బయటపడింది. మీ కుక్కకు టీకా వేయించారు, సంతోషం. టీకా కుక్కను జబ్బు నుండి కాపాడుతుంది. జింకను కుక్క నుండి కాపాడే టీకా ఇంకా రాలేదు.

"ఊరి కుక్కలు, మంద కుక్కలు కొండంతా తిరుగుతుంటే మా ఒక్క కుక్కే కనబడిందా?" అన్నది తరచు వినవచ్చే ప్రశ్న. ఊరి కుక్కల వల్ల జరిగే చెరుపు మొత్తం మీద ఎక్కువే. వాటికి సంతాన నియంత్రణ, టీకాలు అందించవలసినవారు ఆ పని సరిగ్గా చేయడం లేదు; వారిని నిలదీయవలసిందే. ఊళ్ళో నాలుగు దొంగతనాలు జరిగాయి గనుక నేను ఐదోది చేస్తానంటే మాత్రం కుదరదు.

మంద కుక్కను ఈ లెక్కలో కలపడం మరీ అన్యాయం. మా కురుబ, గొల్ల కాపరుల మందల వెంట ఉండే కుక్క పుట్టినప్పటి నుండి గొర్రెపిల్లల మధ్య పెరుగుతుంది. మంద మేస్తున్నంతసేపు అంచున ఉంటుంది. రాత్రి ఎవరి చేనులోనో ఎరువు కోసం మంద కట్టినప్పుడు చుట్టూ తిరుగుతుంది. తోడేలు వాసన తగిలితే మొరిగి కాపరిని లేపుతుంది. అది కుందేలును తరమదని నేననను, తరుముతుంది. కాని దాని మనసు మంద మీద, చెవి కాపరి ఈల మీద ఉంటాయి. దానికి కొండ పనిచోటు. విహారుల కుక్కకు అదే కొండ ఆటస్థలం. ఈ రెండూ ఎదురుపడినప్పుడు జరిగేది చూడాలి. కొత్త కుక్క దూసుకురాగానే మంద చెదురుతుంది. చూడి గొర్రెలు బండల మీద నుండి దూకి కడుపులు పోగొట్టుకుంటాయి. తన మందను కాచుకోబోయిన మంద కుక్క ఆ పట్నపు కుక్కను కరిచిందంటే పంచాయితీ. "మీ కుక్కను కట్టేసుకోలేవా?" అని కాపరిని గద్దిస్తారు. తన కొండలో, తన పనిలో ఉన్నవాని కుక్కకు తాడు కట్టాలట, చూడవచ్చినవారి కుక్కకు అక్కరలేదట! పైరు మీద పడే గొడ్డుకు మెడలో గుదికర్ర కట్టిన ఊళ్ళివి. గొడ్డు మీద ప్రేమ లేక కట్టలేదు.

ఎలుగుబంటి దగ్గర సంగతి ఇంకా విషమిస్తుంది. రాయదుర్గం, కళ్యాణదుర్గం, పెనుకొండ గుట్టల్లో ఎలుగులున్నాయి. బండల సందున పడుకున్నదాన్ని కుక్క మొరిగి లేపుతుంది. అది తిరగబడగానే కుక్క ఎక్కడికి పరుగెత్తుతుంది? యజమాని దగ్గరికే. వెనుకనే ఎలుగు. యజమాని ఎలాగో కారెక్కి బయటపడ్డాడనుకుందాం. బెదిరి, కోపం చల్లారని ఆ ఎలుగుకు మరునాడు ఎదురయ్యేది సీతాఫలాలకో కట్టెలకో పోయే ఊరి ఆడమనిషి. ఏకలవ్యుని వేలన్నది ఇందుకే.

"అడవి అందరిదీ, మీరెవరు అడ్డుచెప్పడానికి?" అనేవారు కల్పవల్లి కథ తెలుసుకుంటే బాగుంటుంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోడి గుట్టలకు ఏళ్ళ తరబడి కాపలా కాశారు. వేసవిలో మంటలార్పారు, నరుకుడు ఆపారు. గడ్డి తిరిగి వచ్చింది, వాగుల్లో నీరు నిలిచింది, పిట్టా జంతువూ వాటి వెంట వచ్చాయి. ఇక్కడి పచ్చదనం ఇలా చెమటోడ్చి నిలుపుకొన్నది. అందరిదీ అయినప్పుడు కాపలాలో కూడా అందరూ రావాలి గదా.

అమెరికా మిత్రుల ఫొటోలు చూసి ఈ సరదా ఇక్కడికి వచ్చిందని నా అనుమానం. అయితే అక్కడి నియమాలు కూడా రావాలి. అక్కడి జాతీయ వనాల్లో కుక్కను రానిచ్చే చోట తాడు ఆరడుగులు మించరాదు. యోసెమిటీలో వెర్నల్ జలపాతం కాలిబాట మీద కుక్కకు ప్రవేశమే లేదు. కాలిఫోర్నియాలో బుద్ధిగా సంచీ, తాడు పట్టుకొని నడిచే మనవాడే సెలవులకు వచ్చి కదిరి కొండల్లో గొలుసు విప్పుతాడు.

ధర్మరాజు తన కుక్కను విడువలేదు గదా అంటారు. నిజమే, విడువలేదు. నేనడిగేదీ విడువవద్దనే. ఇక్కడ చెరువు కట్టలున్నాయి, బండ్ల బాటలున్నాయి, ఎండిన పెన్న ఇసుక ఉన్నది. తాడు పట్టుకొని పొద్దున్నే ఎంతదూరమైనా నడవండి. బండ కాలితే దాని పాదాలూ కాలుతాయి కనుక ఎండ ముదరకముందే తిరిగి రండి. నీళ్ళు సీసాలో తెచ్చి గిన్నెలో పోయండి. పొదలూ మడుగులూ ఉన్న కొండదారికి మాత్రం దాన్ని తీసుకురావద్దు. తెలియక తెచ్చి ఉంటే దారిలో కనబడిన కాపరిని అడగండి. ఏ పొదలో ఏది పిల్లల్ని పెట్టిందో, మడుగు దగ్గరికి ఏ వేళ ఏది వస్తుందో అతనికి తెలుసు. "వద్దు సామీ" అన్నాడంటే ఆ పూటకు కొండ దిగండి.