మేము తప్పు వ్రాసిన ఒక మాట

ఈ నెల మాటల ముచ్చట మా తప్పుతోనే మొదలుపెట్టవలసి వచ్చింది.

మిరపకాయ కళ్ళాల మీద ఆరుతున్న రోజుల్లో ఒక ఆదివారం, కొత్తపట్నంలో ఆరాధన ముగిసి జనం చెప్పులు వెదుక్కుంటుండగా ఒక రైతు సహోదరుడు భార్యతో కూడ మా దగ్గరకు వచ్చాడు. వారి కుమారుడు రష్యాలో వైద్యవిద్య చదువుతున్నాడు. అక్కడ అతనికి పాఠం చెప్పే ఒక వైద్యురాలు అతనిని గురించి రష్యా భాషలో ఒక పేజీ వ్రాసి ఇచ్చింది. దానికి ఎవరో చేసిన ఇంగ్లీషు అనువాదం జతచేసి ఉన్నది. చివరి సంవత్సరం ఫీజు కోసం బ్యాంకు అప్పు కావాలి. హామీ సంతకం పెట్టవలసినవాడు పిల్లవాని మేనమామ. ఆ కాగితంలో ఏమున్నదో తెలుగులో చూస్తేనే గాని సంతకం పెట్టనన్నాడట.

"మాస్టారూ, మావాడి గురించి మంచే రాశారా?" అని తల్లి అడిగింది.

మంచే వ్రాశారు. కష్టపడతాడు, రోగులతో దయగా మాట్లాడతాడు, రక్తం చూసి జంకడు. అయితే నడుమ ఒక మాట ఉన్నది: ఇంపల్సివ్. మేము ఎక్కువ ఆలోచించలేదు. మందిరం మెట్ల మీదనే కూర్చుని "దుడుకు స్వభావము గలవాడు" అని వ్రాసి ఇచ్చేశాము. తొందరపాటును గురించిన మాటను తొందరపడి అనువదించాము, అంతే సంగతి.

పిల్లవాణ్ణి దుడుకు అంటే మన ఇళ్ళల్లో ముద్దుగానే ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి అంటే అది ఫిర్యాదు. ఒంగోలు గిత్తను బేరం చేసే చోట "కాస్త దుడుకుది" అని ఒక్కమాట ఎవరన్నా అన్నారంటే, కొనవచ్చినవాడు రెండడుగులు వెనక్కు వేస్తాడు. మేనమామ కూడ అదే చేశాడు. "రేపు ఎవడి ప్రాణం మీదికన్నా తెస్తే? ఇంత అప్పుకు నేను పూచీ ఎట్టా ఉండేది?" అన్నాడట. తండ్రి ఆ రాత్రి కొడుకుకు ఫోను చేసి అనకూడని మాటలు అన్నాడు. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారని విన్నాము.

అప్పుడు మాకు బుద్ధి వచ్చి, ఆ పిల్లవానితోనే ఫోనులో మాట్లాడాము. "ఆమె వ్రాసిన అసలు మాట ఏమిటి నాయనా?" అని అడిగితే చెప్పాడు: పరీవిస్తీ. ఆ మాటకు ఇంగ్లీషు నిఘంటువులో ఇంపల్సివ్ అనే ఉంటుంది. అనువాదకుడిని తప్పుపట్టలేము. కాని 'పరీవ్' అంటే రష్యా వారికి మొదట గాలి విసురు. సముద్రం మీద నుండి ఉన్నట్టుండి లేచి, తాటాకులను ఒక్క ఊపు ఊపి పోతుందే, అది. తరువాత అదే మాట మనసుకు కూడ వచ్చింది. మనసులో అకస్మాత్తుగా లేచే విసురు. ఆ విసురు కోపమే కానక్కరలేదు. ఎవరికైనా సాయపడాలని ఒక్కసారిగా పొంగే ప్రేమను కూడ వాళ్ళు పరీవ్ అనే అంటారు. 'ఉదాత్తమైన పరీవ్' అనడం వాళ్ళకు మామూలు మాట.

ఇంగ్లీషు మాటది వేరే పుట్టుక. ఇంపల్స్ లాటిను నుండి వచ్చింది. దాని మూలార్థం నెట్టడం. లోపలి నుండి ఏదో నెట్టితే మనిషి ముందుకు పడ్డాడని భావం. ఆ మాటను మెచ్చుకోలుగా వాడేవారు లేకపోలేదు గాని, ఉద్యోగానికో చదువుకో సంబంధించిన కాగితంలో కనబడిందంటే చదివేవాడు కనుబొమలు ఎగరేస్తాడు. గాలి విసురును నెట్టుడుగా మార్చింది ఇంగ్లీషు. ఆ నెట్టుడును దుడుకుగా మార్చినవాళ్ళము మేము. రెండు మెట్లు దిగేసరికి మంచి పిల్లవాడు భయపడవలసిన పిల్లవాడయ్యాడు.

రష్యా మాటలు ఇంగ్లీషువారిని తిప్పలు పెట్టడం కొత్తేమీ కాదు. పరీవ్ పుట్టిన ధాతువుకు చింపడం, తెంచడం అని అర్థం. అదే ధాతువు నుండి పుట్టిన 'నద్రీవ్' అనే మాటను దస్తయేవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' నవలలో ఒక భాగానికి పేరుగా పెట్టాడు. 1912లో కాన్‌స్టన్స్ గార్నెట్ అనే ఆమె దానిని ఇంగ్లీషులో 'చీరుకుపోయిన గాయాలు' అనే అర్థం వచ్చేలా అనువదించింది. 1990లో వచ్చిన మరొక అనువాదం 'ఒత్తిళ్ళు' అన్నది. ఒకటే మాట, ఒకరికి గాయం, ఒకరికి ఒత్తిడి. మన తెలుగువారు రష్యా కథలను చాలాకాలం ఇంగ్లీషు మీదుగానే చదువుకున్నారు. తరువాత ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. ఆ బొమ్మల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కొని చదివిన పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. నడుమ ఒక భాష తగ్గితే తప్పులకు చోటు ఎంత తగ్గుతుందో మాకు మొన్న ఆ కాగితంతో గాని తెలియలేదు.

మరి మన చేతుల్లో రోజూ ఉండే పరిశుద్ధ గ్రంథంలో ఇదే మాటకు ఏమి జరిగిందో చూడాలనిపించింది. నాలుగు రాత్రులు మూడు బైబిళ్ళు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాము. సామెతల గ్రంథం 19వ అధ్యాయం 2వ వచనం, 21లో 5వది, 28లో 20వది, 29లో 20వది తీసి చూడండి. ఈ నాలుగు చోట్లా హెబ్రీలో ఉన్నది ఒకటే ధాతువు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు నాలుగు చోట్లా 'హేస్ట్' అనే ఒకే మాట కుటుంబాన్ని పట్టుకుని ఉన్నది. 1876లో పూర్తి అయిన రష్యా బైబిలు అలా చేయలేదు. కాళ్ళతో తొందరపడేవానికి, పనిలో తొందరపడేవానికి 'తరప్లీవీ' అన్నది. ధనం కోసం ఉరికేవానికి వేరే క్రియ వాడింది. మాటల్లో తొందరపడేవానికి మాత్రం 'అప్రమేచ్చివీ', అంటే వెనుకాముందు చూడనివాడు అన్నది.

మన తెలుగు బైబిలు ఏమి చేసింది? నడిచేవాడు 'తొందరపడి' నడుస్తాడు. పనిచేసేవాడు 'తాలిమిలేక' చేస్తాడు. ధనవంతుడు కాగోరేవాడు, మాటలాడేవాడు 'ఆతురపడి' పోతారు. ఇందులో 'తాలిమిలేక' దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. హెబ్రీలో అక్కడ లేమి లేదు, వేగమే ఉన్నది. మన అనువాదకులు వేగాన్ని చెప్పకుండా, ఆ వేగం ఏది లేనందువల్ల వచ్చిందో దానిని చెప్పారు. విత్తనం వేసి వాన కోసం చూసే మన రైతుకు ఆ మాట వివరించనక్కర లేదు.

ఇదంతా ఒక్కనాటి పని కాదు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అనే మిషనరీలు విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకుని సువార్తలతో మొదలుపెట్టారు. వారికి ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడ్డాడు. క్రాన్ 1809లోనూ, డెగ్రాంజి 1810లోనూ పోయారు. తరువాత ఎందరో ఆ పనిని అందుకుని దిద్దారు. మన ఒంగోలు ప్రార్థన కొండ పేరు తలచినప్పుడు తలచే లైమన్ జూవెట్ దొరగారు కూడ నెల్లూరులో క్రొత్త నిబంధన తెలుగును సవరించే పనిలో చాలా ఏళ్ళు గడిపారు. మేము మెట్ల మీద ఒక్క నిమిషంలో వ్రాసి ఇచ్చినదీ వారు ఏళ్ళ తరబడి మోసినదీ ఒకే రకం మాటలు అనుకుంటే కొంచెం సిగ్గు వేసింది.

అయినా వారు కూడ అన్ని చోట్లా ఒకే తూకం వేయలేదు. గ్రీకులో 'ప్రొపెతేస్' అనే మాట ఉన్నది, ముందుకు తూలిపడేవాడు అని భావం. ఎఫెసు పట్టణంలో అల్లరి లేచినప్పుడు కరణం జనాన్ని శాంతపరుస్తూ ఆ మాట వాడతాడు (అపొ. కార్యములు 19:36). తెలుగులో అక్కడ 'ఆతురపడి' అని ఉన్నది. అదే మాట 2 తిమోతి 3:4లో అంత్యదినాల మనుష్యుల జాబితాలో వస్తే మనవారు 'మూర్ఖులు' అన్నారు. రష్యా బైబిలు కూడ ఇక్కడ కఠినపడి, సిగ్గువిడిచి తెగబడేవారు అనే అర్థం గల మాట వేసింది. ఒక పనిని గురించి చెప్పినప్పుడు మెత్తగా ఉన్న మాట, మనిషిని గురించి చెప్పేసరికి గట్టిపడిపోయింది. మా కలం కూడ అక్కడే జారింది. "తొందరపడ్డాడు" అంటే ఒక నాటి సంగతి. "దుడుకువాడు" అంటే వాడి పుట్టుక.

పేతురును గురించి మన ప్రసంగాల్లో 'తొందరపాటు పేతురు' అనడం పరిపాటి. సువార్తలు నాలుగూ వెదకండి, ఆయనకు అటువంటి విశేషణం ఎక్కడా తగిలించలేదు. ఆయన చేసిన పనులు మాత్రం చెబుతాయి. తోటలో కత్తి దూసి మల్కు చెవి నరికినవాడు ఆయనే (యోహాను 18:10). తరువాత, ఒడ్డున నిలిచినవాడు ప్రభువని వినగానే, దోనె ఇంకా రెండు వందల మూరల దూరంలో ఉండగానే, పైబట్ట చుట్టుకుని సముద్రంలో దూకినవాడూ ఆయనే (యోహాను 21:7). వేటకు పోయే మా కొత్తపట్నం సహోదరులు ఇది చదివి నవ్వుతారు. నీళ్ళలో దూకేవాడు బట్ట విప్పుతాడు గాని చుట్టుకుంటాడా! కత్తి దూయించిన విసురూ దూకించిన విసురూ ఒకటే. మొదటిదానికి దుడుకు అని పేరు పెడితే రెండవదానికి ఏమి పెడతాము? రష్యావారి పరీవ్ ఈ రెండిటికీ సరిపోతుంది. మనకు రెండిటికీ సరిపోయే ఒక్క మాట మాకు ఇప్పటికీ దొరకలేదు.

దొరకకపోయినా, మన మాటల్లో ఒక వింత కనబడింది. 'ఆవేశం' అంటే సంస్కృతంలో లోపల ప్రవేశించడం. బయటిదేదో మనలో చొరబడిందని భావం. 'చొరవ' కూడ చొరడం నుండి వచ్చినదే. అయితే ఇక్కడ చొరబడేది మనము. అడగకముందే పనిలోకి దిగేవాణ్ణి చొరవ గలవాడని మెచ్చుకుంటాము. ఒకే గుమ్మం, లోపలికి వచ్చేవాడు మాత్రం వేరు.

ఈ ఆవేశానికే 'క్షణిక' అని ముందు తగిలించి పత్రికలు వ్రాసే మాటను గురించి చెప్పకుండా ముందుకు పోలేము. పత్తి, మిరప పండే మన పల్లెల్లో ఎవరైనా పురుగుమందుతో ప్రాణం తీసుకుంటే 'క్షణికావేశంలో' అని వ్రాస్తారు. ఆ మాట మూడేళ్ళ అప్పును, రెండు పంటల నష్టాన్ని ఒక్క క్షణంలోకి కుదించేస్తుంది. అది అన్యాయం. అయినా అందులో సగం నిజం కూడ ఉన్నది, అది ప్రాణాలు నిలిపే నిజం. బాధ ఏళ్ళనాటిదే అయినా ఆ విసురు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, చేతికి మందు అందకపోతే దాటిపోతుంది. శ్రీలంక 1995 నాటికి అతి తీవ్రమైన విషాలుగా లెక్కించిన పురుగుమందులను నిషేధించింది. తరువాత ఇరవై ఏళ్ళలో అక్కడ బలవన్మరణాల రేటు సుమారు 70 శాతం తగ్గింది. అప్పులూ ఇంటి తగాదాలూ ఆ దేశం నుండి మాయమేమీ కాలేదు. గనుక మందు డబ్బాలు మంచం కింద, వంటింటి మూలన పెట్టకండి. తాళం వేసిన పెట్టెలో పెట్టి తాళంచెవి మరొకరి దగ్గర ఉంచండి. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి ముడుచుకుపోతే దగ్గర కూర్చుని అడగండి. 2022లో మొదలైన టెలి మానస్ వారి 14416 నంబరుకు ఎప్పుడైనా, డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆ కాగితం సంగతి. ఫోనులో పిల్లవాడు జరిగినది కూడ చెప్పాడు. వార్డులో ఒక ముసలాయన మంచం మీద నుండి జారిపోతుంటే, పాఠం మధ్యలో లేచి, చేతికి తొడుగులు కూడ లేకుండా పరుగెత్తి పట్టుకున్నాడట. వైద్యురాలు మొదట కోప్పడి, తరువాత ఆ మాట వ్రాసింది. తొడుగులు లేకుండా ముట్టుకోవడం తప్పేనని వాడే ఒప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం వారి ఇంటికే వెళ్ళాము. మేనమామను కూడ పిలిపించారు. మా తప్పు మేము ఒప్పుకుని, గాలి విసురు సంగతి చెప్పి, పాత మాట కొట్టివేసి ఇలా వ్రాశాము: "ఎదుటివాని కష్టం చూస్తే తోచిందే తడవుగా కదిలేవాడు, జాగ్రత్త ఇంకా నేర్చుకోవలసి ఉన్నది." ఒక మాటకు ఇన్ని మాటలా అని కొందరనవచ్చు. మాకు అంతకంటె తక్కువలో కుదరలేదు.

మేనమామ రెండుసార్లు చదివాడు. "అయితే మా నాయన పోలికే," అన్నాడు. ఆ నాయన ఎవరి పిల్లో బావిలో పడితే, ఈత సరిగా రాకుండానే దూకినవాడట. ఇద్దరినీ మోకు వేసి లాగవలసి వచ్చిందట. తల్లి నవ్వింది. తండ్రి మాత్రం ఏమీ అనక, ఫోను తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. చాలాసేపటికి గాని లోపలికి రాలేదు.