మీదే దేశము?

“మీదే దేశము?” అనునది చిన్న ప్రశ్న. రైలుబండిలో ఎదుట కూర్చుండినవాడు ప్రొద్దుపుచ్చుటకై యడుగును. అధికారి చిట్టాలో వ్రాసికొనుటకై యడుగును. ద్వేషి దెబ్బ కొట్టుటకు ముందు గుఱుతెఱుగుటకై యడుగును. మాట యొక్కటే, అడుగువాని మనస్సు వేఱు. కావుననే ప్రత్యుత్తరమిచ్చువారి తీరులును వేఱువేఱుగా నున్నవి.

2017వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదిని అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున, ఓలేతా పట్టణమునందు, పని ముగించుకొని పానశాలలో కూర్చుండిన యిద్దఱు భారతీయ ఇంజనీర్లను ఒక తెల్లవాడు సమీపించి, మీరే వీసాపై వచ్చితిరని నిలదీసెను. అచ్చటివా రతనిని వెలుపలికి పంపగా, మఱల తుపాకితో వచ్చి కాల్చెను. ఒక తెలుగు యువకుడు మరణించెను. అతని మిత్రుడును, అడ్డుపడిన యొక అమెరికా పౌరుడును గాయపడిరి. హంతకుడు వారిని ఇరానువారని భ్రమించెనట! ఇట్టి ప్రశ్నకు ఏ సమాధానమును రక్ష కాదు. “మేము ఇరానువారము కా”మని తప్పించుకొనజూచుట ధర్మమును కాదు. ఇరానువానిని కాల్చవచ్చునని యొప్పుకొనినట్లగును.

ఈ యనుభవము మనవారికి క్రొత్తది కాదు. కాకినాడ చేరువనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినందున, బర్మాలో తెలుగు కూలీలను “కోరంగీ”లనిరి. రేవు పేరు జాతి పేరై, పిదప తిట్టయ్యెను. 1930 మే నెలలో రంగూనునందు జరిగిన దొమ్మీలలో ఆ పేరే నేరమయ్యెను. 1942లో జపాను దండు వచ్చినపుడు వేలకొలది మనవారు అడవులు, కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు మఱలిరి. తరువాతి కాలమున వచ్చినవారు విశాఖపట్టణమున నివసించిన చోటు నేటికిని బర్మా క్యాంపు అనబడుచున్నది. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావారు! రెండు చోట్లను పరాయివారే.

పరదేశములందు మనవారిలో కొందఱు ఈ ప్రశ్న విన్నంతనే ముడుచుకొని, పేరు కుదించి, ఊరు దాచి మాటలాడుదురు. మఱికొందఱు అవసరము లేనిచోట గొప్పలు చెప్పి నవ్వులపాలగుదురు. మఱి కొందఱు సదుద్దేశముతో నడిగినవానిపైనను మండిపడుదురు. ఈ మూడింటికంటె మారిషసునందలి తెలుగువారి మార్గము మేలని మా యభిప్రాయము. పందొమ్మిదవ శతాబ్దమున చెఱకుతోటల కూలీలుగా వెళ్లినవారి సంతతి, 1968లో స్వతంత్రమైన యా దేశమునకు నిండు పౌరులు. “మాది మారిషసు, మా పూర్వుల భాష తెలుగు” అనుటలో వారికి సంకోచము లేదు. ఉగాది యచ్చట ప్రభుత్వపు సెలవు దినము. పౌరసత్వ మొకటి, పుట్టుక యొకటి. ఒకదానికై రెండవదానిని విడువ నక్కఱలేదు.

అయితే పరుల తప్పు నెన్నుటతో మన పని ముగియదు. ఉత్తరాదివారు మనలను “మద్రాసీ”లని పిలిచినపుడు మన మెంత నొచ్చుకొంటిమి! నేడు మణిపురము నుండియు నాగాలాండు నుండియు మన నగరములకు వచ్చిన బిడ్డలను “చైనావారా?” యని యడుగుచున్నవారు మనలోనే కలరు. ఈశాన్య రాష్ట్రముల వారి బాధలను విచారించుటకు 2014లో కేంద్రప్రభుత్వము బెజ్‌బరువా సంఘమును నియమింపవలసివచ్చెను. స్వదేశముననే స్వదేశీయుడు దేశము పేరు చెప్పుకొనవలసి వచ్చుట జాతికి తలవంపు కాదా?

బీహారు, ఒడిశా కూలీలు మన పొలములలో నాట్లు వేయుచున్నారు, మన మేడలు కట్టుచున్నారు. వారిని ఊరు పేరు అడుగుట తప్పు కాదు. అడిగినపిమ్మట కూర్చుండ పీట వేయుదుమా, గుమ్మము చూపుదుమా యనునదే ప్రశ్న. ఓలేతాలో మన బిడ్డ కొఱకు గుండున కడ్డుపడినవాడు మనదే దేశమని యడుగలేదు. ఆ ఋణము తీర్చుకొను తావు మన గుమ్మమే.