మైదానం నుంచి లెక్కల్లోకి...

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 'అఫెన్సివ్ లైన్‌మన్' అంటే బంతితో పరిగెత్తేవాడు కాదు. బంతి ఉన్న తోటి ఆటగాడి మీదికి ఎవరూ రాకుండా గోడలా అడ్డుపడేవాడు. 2014లో బాల్టిమోర్ రావెన్స్ జట్టులో చేరిన జాన్ అర్షెల్ అలాంటి భారీకాయుడే. కాకపోతే లెక్కలంటే ప్రాణం.

2015లో అతని తలకు దెబ్బ తగిలింది. మూడు వారాల్లో మైదానంలోకి వచ్చేశాడుగానీ పెద్ద లెక్కలకు మాత్రం మెదడు వెంటనే సహకరించలేదు. చనిపోయిన 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే, 110 మందిలో తల దెబ్బలతో ముడిపడిన జబ్బు కనిపించిందని 2017 జులైలో ఓ అధ్యయనం వెల్లడించింది. రెండు రోజులకే అర్షెల్ ఆట మానేశాడు. అప్పటికి అతని వయసు 26!

2021లో ఎంఐటీలో గణితంలో డాక్టరేట్ అందుకుని, తర్వాత అక్కడే అధ్యాపకుడయ్యాడు. ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడమూ ఓ లెక్కే మరి!